పద్నాలుగో మంచం మీది బాబు

మా ఊరి ఆసుపత్రిలో ఫోను తీసేసింది ఒక గురువారం. ఆ రోజు నా డైరీలో రెండు వాక్యాలే ఉన్నాయి. "ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చింది. ఫోను ఉన్న బల్ల మీదే దాన్ని పెట్టారు."

అంతకుముందు పద్ధతి వేరుగా ఉండేది. ఎవరికైనా కాన్పు కష్టమయ్యేలా ఉంటే నర్సు ఎస్తేరు సిస్టర్ ఆ ఫోను తీసి, అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నం పెద్దాసుపత్రికి చేసేది. "అక్కా, ఒకామెను పంపుతున్న, మంచం ఉంచు" అనేది. "పంపు" అనేవారు అవతలి నుంచి. డ్రైవర్ కొమురయ్య బీడీ పారేసి అంబులెన్సు తీసేవాడు. రెండు గంటల్లో ఆమె అక్కడ ఉండేది. ఈ పద్ధతిలో చాలా లోపాలున్నాయని ప్రారంభోత్సవం రోజునే మాకు తెలిసింది.

ఆ రోజు జిల్లా అనుసంధానాధికారి విఠల్‌రావు గారు వచ్చి మాట్లాడారు. "ఇన్నాళ్లూ మన తల్లులు, నవజాత శిశువులు ఎలాంటి సమాచార వ్యవస్థా లేకుండా, కేవలం రోడ్డు మీదుగా ప్రయాణించారు. ఇది మనమందరం సిగ్గుపడవలసిన విషయం. ఫోనులో మాట్లాడిన మాటకు ఆధారం ఉండదు. ఆధారం లేని తల్లి చేరినా చేరనట్టే. నేటి నుంచి మన ఆసుపత్రులన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఇకపై తల్లిని ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడానికి ఒక్క మీట చాలు" అన్నారు. మేము చప్పట్లు కొట్టాం. మా బడి పిల్లలను తీసుకెళ్లింది అందుకే.

నెట్‌వర్క్‌ను నడపడానికి తిరుమలేష్ అనే ఆయన వచ్చాడు. మంచివాడు. పొద్దున్నే కంప్యూటర్‌కు ఊదుబత్తి వెలిగించి, దండం పెట్టుకుని గాని తెరిచేవాడు కాదు. గోడకు ఇరవై రెండు నిబంధనలున్న పెద్ద కాగితం అంటించాడు. దాన్ని ఎవరూ చదవలేదు. గాలికి ఎగరకుండా ఉంటే చాలనుకున్నాం.

రెండు నెలల తర్వాత మా నవనీత వదినకు కాళ్లు వాచాయి. నెలలు నిండాయి, మొదటి కాన్పు. అన్న వరికోత మిషను మీద పక్క జిల్లాకు వెళ్లాడు. ఆ పొద్దున అమ్మా, నేనూ వదినను చెరో వైపు పట్టుకుని ఆసుపత్రికి నడిపించుకుని వెళ్లాం.

సిస్టర్ బీపీ చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత వదినకు వినపడకుండా అమ్మను తలుపు దగ్గరకు పిలిచింది.

"బీపీ బాగ ఎక్కువుందమ్మా. ఫిట్స్ గిట్ల వచ్చినయంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే. పొద్దు గూకకముందే పట్నం ఆసుపత్రిల ఉండాలె. ఆపరేషన్ జేసి బిడ్డను తీస్తరు."

"గట్లయితే పంపు బిడ్డా, జెల్ది పంపు" అంది అమ్మ.

తిరుమలేష్ వదిన ఫొటో తీసుకున్నాడు. పేరు, ఊరు, వయసు కొట్టాడు. కళ్లు మూసుకుని మీట నొక్కాడు. తెర పచ్చబడింది.

"అయిపోయింది. తొమ్మిది సెకన్లు" అన్నాడు సంతోషంగా. గడియారం చూసుకున్నాడు. పదీ నలభై.

"ఏమయిపోయింది?" అంది అమ్మ.

"మీ కోడలు పట్నం చేరింది. రెండో అంతస్తు, పద్నాలుగో మంచం."

అమ్మ గోడ పక్కనున్న బల్ల వైపు చూసింది. వదిన అక్కడే కూర్చుని వాచిన పాదాలను చల్లటి గచ్చుకు ఆనించి ఉంది.

"మరి గిదెవరు సారూ?"

తిరుమలేష్ తెర వైపు చూశాడు. బల్ల వైపు చూశాడు. మళ్లీ తెర వైపే తిరిగాడు.

"మీరు చూసేది పాత సమాచారమమ్మా. నెట్‌వర్క్‌ల ఉన్నదే తాజాది."

తర్వాత సిస్టర్ మాకు అర్థమయ్యేలా చెప్పింది. పంపిన మనిషిని ఎంత తొందరగా ఒప్పుకుంటే అవతలి ఆసుపత్రికి అన్ని మార్కులు వస్తాయట. అందుకని వాళ్లు కంప్యూటరే ఒప్పుకునేలా పెట్టుకున్నారు. ఒప్పుకున్నట్టు రాసే గడీ, చేరినట్టు రాసే గడీ ఒక్కటే. అందువల్ల మా వదిన బల్ల మీంచి లేవకుండానే అరవై కిలోమీటర్లు వెళ్లింది.

అమ్మ బయటికి పరుగెత్తి కొమురయ్యను పట్టుకుంది. ఆయన అంబులెన్సు మెట్టు మీద కూర్చుని తన ఫోను వైపు చూసి ఆశ్చర్యపోతున్నాడు.

"మీ కోడల్ని పట్నంల దింపి వచ్చిన్నని చూపెడ్తుందక్కా. డీజిల్ గుడ కాలిందట."

"దింపినవా?"

"నాకైతే యాదికి లేదు. గని రాసున్నది గద! ఇప్పుడు మల్ల తీసిన్నంటే, లేని మనిషిని ఎటు తీస్కపోయినవని మెమో ఇస్తరు."

"నీ మెమోల మన్నుబొయ్య! నేను ఆటో మాట్లాడ్కుంట."

"ఆటోల పోతే గేటు కాన్నే ఆపుతరమ్మా" అన్నాడు వెనక నుంచి వచ్చిన తిరుమలేష్. "లోపలున్న మనిషిని మళ్ల లోపలికి ఎట్ల రానిస్తరు? మొన్న పక్కూరామెను గట్లనే వాపస్ పంపిన్రు."

లోపల సిస్టర్ మందుల బీరువా ముందు నిలబడి ఉంది. ఆ బీరువా రోగి నంబరు కొడితేనే తెరుచుకుంటుంది. వదిన నంబరు కొడితే, ఆమె ఇక్కడ లేదు కాబట్టి, అది తెరుచుకోలేదు. నెట్‌వర్క్‌లో ఎక్కించడం మరిచిపోయిన పాత మందుల డబ్బా ఒకటి సొరుగులో ఉండిపోయింది. సిస్టర్ అందులోంచి ఒక మాత్ర తీసి వదినకు వేసింది. ఆ మరుపు వల్లే వదినకు మందు దొరికింది.

మా చిన్నమ్మ పట్నంలోనే ఉంటుంది. అమ్మ ఆమెకు ఫోన్ చేసింది. గంట తర్వాత చిన్నమ్మే మళ్లీ చేసింది. ఆమె గొంతు గది మొత్తానికి వినపడుతుంది.

"అక్కా, పద్నాలుగో మంచం కాడనే ఉన్న. నవనీత పేరు రాసి అట్టముక్క కట్టిన్రు. తెల్ల దుప్పటేసిన్రు. మనిషి లేదు."

"నర్సులను అడుగే!"

"అడిగిన. బీపీ నూట ఇరవై, ఎనభై ఉందట. వాపు తగ్గిందట. పడుకోనియ్యి, లొల్లి వెట్టకు అన్నరు."

అమ్మ వదిన పాదాల వైపు చూసింది.

"ఆడ తగ్గిందటనే పిల్లా" అంది వదినతో.

"అక్కా, పప్పన్నం తెచ్చిన. ఏంజెయ్యాలె?"

"తలగడ కాడ పెట్టు. కాసేపు ఆగి చూడు."

నాకు ఏం చేయాలో తోచలేదు. వదిన ముఖం చూస్తుంటే భయమేసింది. అందుకని ఆమె పక్కనే కూర్చుని, గోడ మీది ఇరవై రెండు నిబంధనలనూ ఒక్కొక్కటే నా డైరీలో ఎక్కించుకోవడం మొదలుపెట్టాను.

పన్నెండో నిబంధన రాస్తుండగా కంప్యూటర్ గంట కొట్టింది. అప్పుడు సమయం రెండూ నలభై. నెట్‌వర్క్‌లో ఏ గడీ నాలుగు గంటలకు మించి ఖాళీగా ఉండకూడదట. ఎవరూ నింపకపోతే మామూలుగా ఉండాల్సిన దాన్ని అదే నింపేస్తుందట. బీపీ గడికైతే గంటే గడువట, అందులో నూట ఇరవై, ఎనభై వచ్చింది కూడా అలాగే.

తిరుమలేష్ లేచి నిలబడి చదివాడు. "సాధారణ కాన్పు. మగబిడ్డ. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. తల్లీబిడ్డలు క్షేమం."

"మగపిల్లగాడా?" అంది అమ్మ. ఆమె ముఖం వెలిగింది.

"అత్తమ్మా! నేనింక కననే లేదు!" అంది వదిన.

"ఎర్కనే తియ్యి. గని రెండు కిలోల ఎనిమిది వందలంటే మంచి బరువే గద."

వదిన నవ్వబోయి తల పట్టుకుంది. తల పగిలిపోతున్నదంది. కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయంది. సిస్టర్ ముఖం మారిపోయింది. "ఇంకెంతో టైం లేదమ్మా. ఫిట్స్ వచ్చే ముందట గిట్లనే ఉంటది" అంది అమ్మతో.

సరిగ్గా అప్పుడు బయట కారు ఆగింది. విఠల్‌రావు గారు దిగారు. వెనకాల ఒకాయన శాలువా, పూలదండ ఉన్న పళ్లెం పట్టుకుని వచ్చాడు. తొమ్మిది సెకన్లలో తల్లిని బదిలీ చేసి మా ఆసుపత్రి రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచిందట. ఆ తల్లి సుఖంగా ప్రసవించిన వార్త దారిలో తెలిసి ఆయన సంతోషం రెట్టింపయిందట.

"ఇది వ్యక్తుల విజయం కాదు, వ్యవస్థ విజయం" అని మొదలుపెట్టి, బల్ల మీద మూలుగుతున్న వదినను చూసి ఆగారు. "ఈ మహిళ ఎవరు?"

"మీ రికార్డే సార్" అంది సిస్టర్. "తొమ్మిది సెకన్లల్ల పట్నం పోయి మగపిల్లగాన్ని కన్న నవనీత ఈమెనే."

ఆయన కళ్లజోడు సర్దుకుని వదిన కడుపు వైపు చూశారు. చాలాసేపు ఆలోచించారు.

"అంటే, బదిలీ విజయవంతమైంది. భౌతిక తరలింపు మాత్రమే పెండింగ్‌లో ఉంది."

"ఆ పెండింగేందో జెల్ది చూడుండ్రి సార్. పాణం మీదికొచ్చింది" అంది సిస్టర్.

"కంగారు వద్దు. ముందుగా వ్యత్యాసం సరిదిద్దాలి. తిరుమలేష్, ఈమెను అక్కడి నుంచి ఇక్కడికి తిరుగు బదిలీ చేయండి."

తిరుమలేష్ మీట నొక్కాడు. తొమ్మిది సెకన్లలో వదిన పట్నం నుంచి వచ్చి, పొద్దుటి నుంచి తాను కూర్చున్న బల్ల మీదే కూర్చుంది. "క్షేమంగా తిరిగి వచ్చినందుకు శుభాకాంక్షలు" అన్నారు విఠల్‌రావు గారు. పక్కాయన చప్పట్లు కొట్టాడు.

"ఇప్పుడు పంపుండ్రి" అంది అమ్మ.

తిరుమలేష్ మళ్లీ పేరు కొట్టాడు. తెర పసుపు రంగుకు మారింది. నెమ్మదిగా చదివాడు. "కాన్పు అయిన తల్లికి కాన్పు నిమిత్తం బదిలీ వర్తించదు. తొమ్మిది నెలల తర్వాత ప్రయత్నించండి."

అమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది.

"తొమ్మిది నెలలు ఎట్ల ఆపుకోవాలె సారూ?" అంది వదిన, పళ్లు బిగబట్టి.

"నియమాన్ని మార్చే అధికారం నాకు లేదమ్మా. రాసే అధికారం ఉండేది, రాసేశాను. మార్చడానికి వేరే కమిటీ ఉంది. అది మూడు నెలలకోసారి కూర్చుంటుంది."

నాకు కొత్తవాళ్ల ముందు నోరు రాదు. బడిలో హాజరు పిలిచినా చెయ్యెత్తుతానే గాని పలకను. అందుకే సిస్టర్ కొంగు పట్టి లాగి, డైరీ తెరిచి, ఈలోపు రాసుకున్న పదిహేడో నిబంధన మీద వేలు పెట్టాను.

సిస్టర్ విసుగ్గా చూసింది. తర్వాత చదివింది. తర్వాత గట్టిగా చదివింది.

"ఏదేని కారణం చేత తల్లి ఒక ఆసుపత్రిలోను, శిశువు మరొక ఆసుపత్రిలోను ఉన్న యెడల, ఎవరి అంగీకారం కొరకు వేచి ఉండక, అనుసంధానాధికారి తన వాహనంలో తల్లిని తక్షణమే బిడ్డ చెంతకు చేర్చవలెను. శిశువుకు ఏడాది నిండు వరకు ఈ నిబంధన వర్తించును."

"అది నేనే రాశాను" అన్నారు విఠల్‌రావు గారు. ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది. "రాసేటప్పుడు కంటతడి పెట్టాను."

"తిరుమలేష్, బాబు యాడున్నడు?" అంది సిస్టర్.

"పట్నంల. పద్నాలుగో మంచం."

"తల్లి?"

"ఈడనే. ఇప్పుడే వచ్చింది గద."

"మరి రాయి!"

తిరుమలేష్ రాశాడు. తెర ఎర్రబడింది. ఆసుపత్రిలో అలాంటిది ఒకటి ఉందని కూడా మాకు తెలియని సైరను మోగింది. అదే క్షణంలో విఠల్‌రావు గారి ఫోను మోగింది. రాజధానిలోని పెద్ద తెర మీద కూడా అది ఎర్రగా కనిపించిందట.

"సార్... అవును సార్... ఒక తల్లి, ఒక బిడ్డ సార్... అరవై కిలోమీటర్ల ఎడబాటు సార్... నేనే స్వయంగా సార్!"

ఫోను జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయి ఆయన మా మీద అరిచారు. "ఇంకా నిలబడి చూస్తారేంటి? పుట్టి గంట కూడా కాని పసికందు! తల్లి లేకుండా అక్కడ ఒంటరిగా ఉన్నాడు! మీకు మనసు లేదా? ఎక్కించండి!"

ఆయనే వదినకు ఒక వైపు చెయ్యి పట్టారు. వెనక సీట్లో వదిన, అమ్మ, సిస్టర్ ఎక్కారు. నేను వెనక డిక్కీలో పూలదండ పక్కన కూర్చున్నాను. సన్మానం శాలువాను మడిచి వదిన తల కింద పెట్టారు. దారి పొడవునా ఆయన డ్రైవర్‌ను తొందరపెడుతూనే ఉన్నారు. "వాడికి ఆకలి వేస్తుంటుందయ్యా, తొక్కు!" అనేవారు. వాడి ఆకలి గురించి అంతగా బాధపడిన మనిషిని నేను చూడలేదు. మధ్యలో వదిన శాలువా మీద వాంతి చేసుకుంది. ఆయన పట్టించుకోలేదు.

గేటు దగ్గర కాపలాదారు వదిన నంబరు చూసి, "బిడ్డ కోసం వచ్చిన తల్లి" అని దారి ఇచ్చాడు. రెండో అంతస్తులో పద్నాలుగో మంచం పక్కన చిన్నమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. "ఇంకా తినలేదక్కా" అంది టిఫిన్ డబ్బా చూపించి.

అటుగా వెళ్తున్న డాక్టరమ్మ వదినను చూసి ఆగింది.

"ఎందుకు తెచ్చారు ఈమెను?"

"తన బిడ్డతో కలపడానికి" అన్నారు విఠల్‌రావు గారు ఆయాసపడుతూ.

"మరి కడుపులో ఉన్నదెవరు?"

"అది నెట్‌వర్క్ పరిధిలోకి రాదండి."

డాక్టరమ్మ ఆయన వైపు ఒక్కసారే చూసింది. తర్వాత చూడలేదు. ఏ మీటా నొక్కకుండా, "థియేటర్ తెరవండి" అని గట్టిగా అరిచింది. ఆ అరుపు తొమ్మిది సెకన్ల కంటే తొందరగా పని చేసింది.

ఆరు కాకముందే పాప పుట్టింది. మూడు కిలోల నూరు గ్రాములు. వదినకు ఫిట్స్ రాలేదు. రెండు రోజులు కళ్లు తెరిచీ తెరవకుండా పడుకుని, మూడో రోజు "నా బిడ్డేది?" అని అడిగింది. అమ్మ అప్పటికే ఆ శాలువాను ఉతికి ఆరేసి, పాపకు చుట్టి పెట్టింది. జరీ అంచు పాపకు బాగా నప్పింది.

పాపను నెట్‌వర్క్‌లో ఎక్కించడం కుదరలేదు. ఆ కాన్పుకు బిడ్డ గడి ముందే నిండిపోయింది. విఠల్‌రావు గారు మమ్మల్ని ఓదార్చారు. "బాధపడకండి. నెట్‌వర్క్‌లో లేని బిడ్డను ఎవరూ ఎక్కడికీ బదిలీ చేయలేరు. ఒక విధంగా అది సౌలభ్యమే."

మేము పాపను తీసుకుని ఊరికి వచ్చేశాం. బాబు మాత్రం అక్కడే ఉండిపోయాడు. వాడిని పంపాలంటే వాడి ఫొటో కావాలి. ప్రతి నెలా వాడి బరువు మాకు ఫోనులో వస్తుంది. నెలకు సరిగ్గా ఆరు వందల గ్రాములు పెరుగుతున్నాడు. ఇంతవరకు ఒక్కసారి కూడా జలుబు చేయలేదు. మా పాపకు జలుబు తగ్గిందే లేదు. ఇరుగుపొరుగు పడుకోకుండా ఏడుస్తుంది.

పాపకు రెండో నెల వచ్చినప్పుడు కుమ్మరివాడ భాగ్యకు నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. తిరుమలేష్ మీట నొక్కాడు. తొమ్మిది సెకన్లు. భాగ్య పట్నంలో ఆరో మంచం మీద పడుకుంది, ఇక్కడేమో గచ్చు మీద పడుకుని అరుస్తోంది. కొమురయ్య బండి వెళ్లి వచ్చేసింది.

వదిన చేస్తున్న పని ఆపి, పాపను చంకన వేసుకుని ఆసుపత్రికి వెళ్లింది. తిరుమలేష్ బల్ల ముందు నిలబడింది.

"నా కొడుకు పట్నంల ఉన్నడు. నేనీడున్న. రాయి."

తెర ఎర్రబడింది. నలభై నిమిషాల్లో విఠల్‌రావు గారి కారు వచ్చింది. "తల్లి ఎవరు?" అన్నారు దిగీ దిగకుండానే. సిస్టర్ భాగ్యను చూపించింది. ఆయన ఫోనులో నంబరు చూసుకున్నారు గాని ముఖం చూడలేదు. "పాపం, ఎంత బెంగపడిందో! మూలుగుతోంది" అన్నారు. భాగ్యకు పండంటి కొడుకు పుట్టాడు. నిజం కొడుకు.

అప్పటి నుంచి ఇప్పటికి పదకొండు మంది మా బాబును చూడడానికి వెళ్లి వచ్చారు. పదకొండు మందీ, వాళ్ల పిల్లలూ బాగున్నారు. నెట్‌వర్క్‌లో మాత్రం వెళ్లింది మా వదిన ఒక్కతే. కొడుకు కోసం ఏడాదిలో పన్నెండుసార్లు పట్నం వెళ్లిన తల్లిగా ఆమె పేరు రాజధాని దాకా వెళ్లింది. జిల్లా ఉత్తమ మాత అని రాసి, రంగుల సంతకంతో ఒక పత్రం పంపారు. వదిన దాన్ని పిండి డబ్బా వెనక గోడకు అంటించింది. పాప రోజూ దాని మూల పట్టి లాగుతుంది.

బాబుకు ఏడాది నిండడానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. నిన్న సాయంత్రం మా వాకిట్లో వాడలోని ఆడవాళ్లంతా కూర్చున్నారు. అందులో ముగ్గురికి నెలలు నిండుతున్నాయి. నా డైరీ తెరిపించి పదిహేడో నిబంధనను మళ్లీ చదివించారు. ఏడాది నిండు వరకు అనే చోట అందరూ దిగులుపడ్డారు.

"నీ కొడుకు గంత జెల్ది పెరిగిండేందే నవనీతా!" అంది ఒకామె. "ఇంక మా గతేంది?"

వదిన ఏం చెప్పాలో తెలియక అమ్మ వైపు చూసింది. అమ్మ పాపకు అన్నం కలుపుతోంది. తలెత్తకుండానే అంది.

"గింత దానికి ఫికరెందుకు? తిరుమలేష్ ఉన్నడు గద. ఇంకోన్ని కంటడు."